గాలి కొడుతున్నంతసేపూ

“నూట తొంభై… నూట తొంభై ఒకటి…”

అమెరికాలోని మొంటానా రాష్ట్రంలో ఓ రోడ్డు పక్కన, మోటార్ సైకిల్ వెనక చక్రానికి పంక్చరు వేసి, వెర్లిన్ చేతిపంపుతో గాలి కొడుతున్నాడు. అంకెలకు తప్ప దేనికీ ఊపిరి చాలడం లేదు. ఆయన కబుర్లు ఆగడం ముప్ఫై ఏళ్ల కాపురంలో నడీన్‌కి ఇదే మొదటిసారి. సందు దొరికిందనుకుంది.

“నువ్వు వండే చిల్లీ, ఆ బీన్సూ మాంసం కూర, నేను తినను. ఇరవై ఏళ్లుగా కుక్కకే పెడుతున్నా.”

“నూట తొంభై… ఏంటీ!… రెండు…”

“లెక్క తప్పకు.”

మూడొందలకి టైరు గట్టిపడింది. వెర్లిన్ చెమట తుడుచుకుని నోరు తెరిచాడు.

“చూడు నడీన్, చిల్లీ అంటే మా తాతయ్య రోజుల్లో…”

“ఉండు, గాలి సరిపోయిందేమో చూస్తా.” ఆమె వంగి వాల్వులో గోరు గుచ్చింది. బుస్సుమంటూ టైరు చతికిలబడింది. “అయ్యో, చెయ్యి జారింది!”

పాపం, వెర్లిన్ మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు.

“నాకూ బండి నడపాలనుంది వెర్లిన్. ముప్ఫై ఏళ్లు వెనక సీట్లో కూర్చుని ఈ మొంటానాలో నేను చూసిందేంటో తెలుసా? నీ వీపు.”

అంకెలు నెమ్మదించాయి గానీ ఆగలేదు. మూడొందలయ్యాయి. వెర్లిన్ నోరు తెరిచాడు. నడీన్ వేలు మెల్లగా వాల్వు వైపు కదిలింది.

ఆయన ఆ వేలిని చూశాడు. నోరు మూసుకుని, తనే ముందు వాల్వు నొక్కేశాడు. బుస్స్!

“చెప్పాల్సినవి ఇంకా ఉన్నాయా?” అన్నాడు పంపు అందుకుంటూ.

“బోలెడు.”

“కానియ్యి మరి. ఒకటి…”