చప్పుడు లేని బండి

"లాగకు. విరిగిందంటే సగం స్టడ్డు ఇంజిను హెడ్డులోనే ఉండిపోతుంది," అన్నాడు మేస్త్రీ.

డ్రైవరు పానా మీంచి చెయ్యి తీసేలోపే అది టక్కున విరిగింది.

మేస్త్రీ తిట్టలేదు. మొహం తుడుచుకుని, "ఈ ఇంజిను నీకంటే వయసులో పెద్దది. పెద్దవాళ్ల దగ్గర తొందరపడకూడదు," అన్నాడు.

పాత లారీ. ఇంజిను పొగని సైలెన్సరుకి పంపే ఇనప మానిఫోల్డు వంగిపోయింది. దాని వెనక పొగ కారకుండా పెట్టే ప్యాకింగులు కాలి బొగ్గయ్యాయి. మానిఫోల్డుని బిగించే స్టడ్లు కొన్ని ఎప్పుడు ఊడిపోయాయో కూడా తెలీదు. ఆ సందుల్లోంచి పొగ తన్నుకొస్తూ బండి టపటపా కొట్టుకునేది. వీధి మలుపు తిరక్కముందే ఇంట్లోకి వినపడేది.

"ఇలాగే తిప్పుతున్నావా ఇన్నాళ్లూ?"

"చప్పుడే కదా, పోనీలే అనుకున్నా."

"చప్పుడుతో పోతే బాగానే ఉండును. పొగ క్యాబిన్లోకి వస్తోంది. తలనొప్పి ఉంటోందా?"

"ఉంటోంది. మొన్న వంతెన మీద కునుకు కూడా పట్టింది."

"ఇంకోసారి పడితే లేవవు."

తనకేమన్నా అయితే అన్నయ్యని ఎవరు ఎత్తుతారన్న ఆలోచన ఒక్కటే వచ్చింది డ్రైవరుకి.

ఈ లారీ ఒకప్పుడు అన్నయ్యదే. స్టీరింగు పట్టడం నేర్పిందీ ఆయనే. ఆ నేర్చుకునే రోజుల్లోనే తమ్ముడు బండి వెనక్కి తీస్తూ, వెనకాల నిలబడ్డ అన్నయ్యని చూసుకోలేదు. ఎముకలు అతికాయన్నారు గానీ కాళ్లకి పట్టు రాలేదు. మళ్లీ ఆస్పత్రికి వెళదామంటే, "నువ్వు చేసింది చాల్లేదా, ఇంకా నన్ను కోయిస్తావా?" అనేవాడు అన్నయ్య. ఆ మాటతో తమ్ముడు ఆస్పత్రి ఊసెత్తడమే మానేశాడు.

వదిన వల్ల కాదని, స్నానానికి ఎత్తుకెళ్లేదీ, సాయంత్రం గుమ్మంలో కుర్చీలో కూర్చోబెట్టేదీ తనే. నడుం పట్టేసినా పైకి చెప్పేవాడు కాదు. పెళ్లి మాటెత్తితే, "అన్నయ్య లేచి తిరగనీ" అనేవాడు. అతనికోసం ఆగిన అమ్మాయి, చూసి చూసి వేరే ఇంటి కోడలైంది.

ఫోను మోగింది. అన్నయ్యే.

"ఎక్కడున్నావురా?"

"షెడ్డులో. ప్యాకింగులు మార్పిద్దామని."

"ఎందుకురా దండగ పని? అది బాగానే ఉందిగా."

"మేస్త్రీ మార్చాలంటున్నాడు అన్నయ్యా."

"వాళ్లు అలాగే అంటారు. ఆ టపటప వినపడితే నువ్వొస్తున్నావని ప్రాణం లేచొస్తుందిరా నాకు. మంచంలో పడున్నవాడికి అంతకంటే తోడేముంది? వదిలేసి వచ్చెయ్. సాయంత్రానికేగా వచ్చేది?"

"సాయంత్రానికే."

"ప్యాకింగు మార్పించకు మరి."

"సరే అన్నయ్యా."

ఫోను జేబులో పెట్టుకుంటూ అతను కళ్లొత్తుకున్నాడు. మేస్త్రీ చూడనట్టు పక్కకి తిరిగాడు.

"ఏం చెయ్యమంటావు?"

"కానివ్వండి. ఇంటికెళ్లాక చెప్తాను. నేను బతికుంటేనేగా ఆయనకి తోడు."

విరిగిన ముక్క మీద నట్టు పెట్టి వెల్డింగు కొట్టాడు మేస్త్రీ. ఎర్రగా కాలాక, చల్లారే దాకా ఆగి, పానాతో కొంచెం ముందుకీ కొంచెం వెనక్కీ ఆడించాడు. పసిపిల్ల పాలపన్ను ఊడినట్టు వచ్చేసిందది. మానిఫోల్డు మొహాన్ని సాపు చేయించారు. కొత్త స్టడ్లు దిగాయి, కొత్త ప్యాకింగులు కూర్చున్నాయి. మధ్యలోంచి మొదలుపెట్టి అటూ ఇటూ అంచుల దాకా నట్లు బిగించారు.

తాళం తిప్పాక డ్రైవరు కిందికి చూసి, "స్టార్టవలేదా?" అన్నాడు.

"ఎప్పుడో అయింది. నీ చెవులకే ఇంకా నమ్మకం కుదర్లేదు."

పని అనుకున్నదానికంటే ముందే అయిపోయింది. దారిలో తలనొప్పి లేదు. అన్నయ్య కోప్పడతాడు, ఆనక నవ్వుతాడు అనుకుంటూ, ఫోను చెయ్యకుండా, ఎండ ఉండగానే ఇంటికొచ్చాడు. బండి గోడవారగా ఆపినా లోపల్నించి ఎవరూ పలకలేదు.

అన్నయ్య గది తలుపు తీసి ఉంది. మంచం మీద ఎవరూ లేరు. దుప్పటి సగం నేలమీదికి వేలాడుతోంది.

పడిపోయాడా? పాక్కుంటూ ఎటన్నా వెళ్లాడా? మంచం కిందికి కూడా వంగి చూశాడు.

అప్పుడు వంటింట్లోంచి నవ్వు వినపడింది. వదిన నవ్వు. ఆవిడ అలా నవ్వగా విని ఎన్నాళ్లయిందో.

గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయాడు. కిటికీ వెలుగుకి ఎదురుగా ఎవరో మనిషి, వీపు ఇటు పెట్టి, మునివేళ్ల మీద లేచి, అందరానంత పైనున్న అరలోంచి డబ్బా అందుకుంటున్నాడు. ఆజానుబాహువు. వదిన అతని చొక్కా అంచు పట్టుకుని ఏదో అంటోంది.

అన్నయ్య కదల్లేని మనిషి కదా, ఆ ఇంట్లోనే ఇదా అనుకున్నాడు డ్రైవరు. ఆ వెంటనే ఇంకా ఘోరమైన అనుమానం వచ్చింది. మంచం ఖాళీగా ఎందుకుంది?

"మా అన్నయ్యని ఏం చేశారు?" అన్నాడు.

వదిన చేతిలో గిన్నె జారిపడింది. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అబ్బాయీ... బండి చప్పుడు వినపడలేదే..."

ఆ మనిషి డబ్బా పట్టుకుని అలాగే బిగుసుకుపోయాడు. డ్రైవరు ముందుకెళ్లి, భుజం పట్టుకుని గుంజాడు.

ఇటు తిరిగింది అన్నయ్యే.