పన్నెండు వోల్టుల కేక

మిరపకాయల కల్లంలోకి పందులు రాకుండా బెదిరించే పెట్టెకు అడాప్టర్ కాలిపోయింది. పెట్టెలో ఉన్నది రైతు ప్రేమ్‌చంద్ కేకే. అతనే రికార్డు చేశాడు. నిమిషానికోసారి "హోయ్, పో అవతలకి" అని అరుస్తుంది.

ప్రత్తిపాడులో రిపేరు చేసే మాలిక్ ఒక వైరు ఇచ్చాడు. ఒక కొస సి టైపు, రెండో కొస గుండ్రటి పిన్ను.

"దీంతో ఫోన్ చార్జరే సరిపోద్దన్నా. పెద్దదే పెట్టు. చిన్నదైతే పన్నెండు వోల్టులు రావు, ఐదే వస్తాయి."

ఆ రాత్రి కల్లం కాపలాకి వచ్చిన ప్రేమ్‌చంద్, పెద్దది ఇంట్లో మరిచిపోయి చిన్నదే పెట్టాడు.

వెన్నెల్లో కాయలు నల్లగా మెరుస్తున్నాయి. పెట్టె అరవలేదు. పసిబిడ్డను జోకొడుతున్నట్టు మెత్తగా పలికింది. బెదిరింపులా లేదు, పిలుపులా ఉంది.

పక్క పత్తిచేలో ఏదో కదిలింది. పెట్టె పలికినప్పుడల్లా ఇంకాస్త దగ్గరికొచ్చింది. పందులైతే గుంపుగా వస్తాయి. ఇది ఒక్కటే, తీరిగ్గా, రెండు కాళ్ల మీద వస్తోంది.

ప్రేమ్‌చంద్ వైరు లాగేశాడు. అడుగులు ఆగిపోయాయి. గాలిలో మిరప ఘాటు ఒక్కటే మిగిలింది.

నిమిషం గడిచింది. పెట్టె అరవాల్సిన వేళకు పత్తిచేలోంచి అతని గొంతే, పూర్తి బలంతో వినిపించింది.

"హోయ్, పో అవతలకి."

ప్రేమ్‌చంద్ మెల్లగా లేచి, కల్లం దాటి అవతలకి నడవసాగాడు.