పూజలో ఉన్న గడ్డి మిషను

"ఒక చెయ్యి వెయ్యి బావా, బండి వీధిలోనే నిలబెట్టినాను," అంటూ గోవిందస్వామి చొక్కా చేతులు పైకి మడిచాడు.

నడవలో గడ్డికోత మిషను ఉంది. పాత నీటిపంపు మోటారు, సైకిలు చక్రాలు, అడుగున కత్తిలా గిర్రున తిరిగే లారీ కమానుపట్టీ ముక్క. అంతా బావ కోదండరాం సొంత పనితనం. చెన్నపట్నంలోనే ఇలాంటిది లేదని ఆయన చెప్పగా చెప్పగా గోవిందస్వామికీ నమ్మకం కుదిరింది. రేపు విజయదశమినాడు తిరువొత్తియూరులో తాను పనిచేసే కంపెనీ మైదానంలో బాల్‌బ్యాడ్మింటన్ పోటీ. ఈ సాయంత్రంలోగా గడ్డి కోయిస్తానని మేనేజరుకు మాటిచ్చి మరీ వచ్చాడు.

మిషనుకు అడ్డంగా మేనకోడలు జయంతి నిలబడింది. మోటారు నిండా గంధం, కుంకుమ బొట్లు, పైన బంతిపూల దండ.

"ఆయుధపూజలో పెట్టినాం మామా. రేపు మళ్లీ హారతిచ్చేదాకా ముట్టకూడదు."

"బీయే చదివేదానివి, నువ్వా ఈ మాట అనేది?"

"అమ్మ ఉన్నప్పుడు ఈ రోజు కత్తిపీట కూడా ముట్టనిచ్చిందా?"

పోయిన అక్క మాట రాగానే గోవిందస్వామి గొంతు తగ్గింది. కోదండరాం మాత్రం తగ్గలేదు.

"తప్పుకో జయంతీ! బామ్మర్ది నోరు తెరిచి అడిగినాడు. నేను కాదనేదా?"

"మొన్న రాయెగిరి కిటికీ అద్దం పగల్లేదా నాయనా? పట్టీకి మూతన్నా లేదు. మామ కాలు ఉండేది ఆడనే కదా!"

"రాయిని ఎవరు ఆడ పడుండమన్నారు? మిషనుదేం తప్పు?"

"తప్పు ఎవరిదైనా తెగేది మామ కాలే."

గోవిందస్వామి నవ్వి, పంచె ఎగగట్టి, పిడి మీద చెయ్యి వేయబోయాడు. జయంతి చటుక్కున కర్పూరం వెలిగించి హారతి పళ్లెం అతని కాళ్ల ముందు పెట్టింది.

"దీన్ని దాటి పో మామా, చూస్తా!"

అతను రెండడుగులు వెనక్కి వేశాడు.

"చూసినావా? వాళ్లమ్మ మొండితనమంతా దీనికే వచ్చింది," కోదండరాం చేతులు విసిరాడు. "నేనేం చేసేది?"

"పోనీలే బావా. కూలికి గడ్డి కోసే మునియక్కను, ఇంకో ఇద్దరిని కొడవళ్లతో పిలుచుకుంటా." గోవిందస్వామి చెప్పులు తొడుక్కుంటూ నిట్టూర్చాడు. "ఇంత మంచి మిషను!"

బండి మలుపు తిరిగేదాకా కోదండరాం గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపాడు. తర్వాత కూతురి పక్కన చతికిలబడి నుదుటి చెమట తుడుచుకున్నాడు.

బామ్మర్ది మిషను కోసం వస్తున్నాడని తెలియగానే, అలా అడ్డం పడమని పొద్దున ఆమెను బతిమాలింది కోదండరామే.