కుక్క బిందుపథం

బళ్ళో ఎవరూ వినని పాఠం చెప్పుకోవడానికి మా లెక్కల మాస్టారికి, అంటే మా ఆయనకి, ఒక కుక్క దొరికింది. మాకు అద్దెకిచ్చిన ఇంటివాళ్ళు దాన్ని కొత్తగా తెచ్చి, మా వాకిట్లో షెడ్డు మూలనున్న కొక్కేనికి గొలుసుతో కట్టేశారు.

"భయమెందుకే? అది ఎంతవరకూ రాగలదో గీసి చూపిస్తాగా!" అన్నారాయన, నేను గడప దాటకపోతే.

గొలుసు పొడవు కొలిచారు. కాగితం మీద స్కేలుతో షెడ్డు గోడలు గీసి వృత్తలేఖిని తిప్పారు. మూల తిరిగాక గొలుసు తగ్గుతుందట, అక్కడో చిన్న చాపం. ఆనక అదే గీతను తాడూ సుద్దముక్కా పట్టుకుని వాకిలంతా గీశారు.

"ఇదీ దీని బిందుపథం. దాటమను చూద్దాం!"

"గీతకి కాస్త దూరంగా కూర్చోండి," అన్నాను.

"ఇరవయ్యేళ్ళు నాతో కాపురం చేసి ఒక్క ముక్క బుర్రకెక్కించుకోలేదు. నోరు మూసుకుని టీ పట్రా," అంటూ గీత పక్కనే కుర్చీ వేసుకున్నారు.

టీ మరిగేలోపే కెవ్వున కేక. గొలుసు కుక్క మెడ దగ్గరే ఆగింది. మూతి ఆగలేదు. ఆయన పిక్కని కరిచి పట్టుకుంది.

సూది వేయించుకుని, కట్టుతో మంచమెక్కాక కూడా ఆయన ఆ కాగితమే తిరగేస్తున్నారు.

"గీతలో తప్పేం లేదే! కుక్కను బిందువనుకున్నాను, అంతే. బిందువుకి పొడవుండదు, వెడల్పుండదు..."

"నోరూ ఉండదు," అన్నాను. "ఇరవయ్యేళ్ళుగా నన్నూ అదే అనుకున్నారు. ఇకనుంచి కాస్త దూరంగా కూర్చోండి."