కొండ దాటించిన నెత్తురు

చలి తగ్గగానే చెరువులోని వలసబాతు ఉత్తరానికి ప్రయాణం కట్టింది. మంచుకొండల మీదుగా ఎగిరినా దానికి ఆయాసం రాదు. గట్టు ఎక్కితేనే రొప్పే చెరువుబాతు, "అక్కా, నన్నూ తీసుకుపో!" అంటూ వెంటపడింది.

"నీవల్ల కాదు. దాని నెత్తురే వేరు, కొండ మీది పలచటి గాలిని కూడా ఇట్టే పట్టేస్తుంది," అంది ఎండ్రకాయ.

"నెత్తురు కాదు, వంశం! ముత్తాతల నాటి నుంచీ కొండలు దాటుతున్నారు," అని తాబేలు కసిరింది.

రెండూ కొట్టుకునేదాకా వచ్చాయి. వలసబాతు నవ్వింది.

"ఒకప్పుడు మాలో రకరకాల నెత్తురుండేదట. గాలిని గట్టిగా పట్టే నెత్తురున్నవాళ్లు కొండ దాటి గుడ్లు పెట్టారు. తక్కినవాళ్లు దారిలోనే పోయారు. వాళ్లకి మనవరాళ్లే లేరు. దాటించింది నెత్తురు, ఏరింది కొండ. నెత్తురా, వంశమా, ఏది గొప్పంటే ఏం చెప్పను? చెల్లీ, నువ్వొస్తే దారిలోనే పోతావు."

చెరువుబాతు ముఖం చిన్నబోయింది. "మరి మా అమ్మమ్మలు ఏం చేసినట్టు?" అంటూ దిగులుగా బురదలో ముక్కు పెట్టి, కుళ్లిన నత్తనొకదాన్ని పెంకుతో సహా మింగి, హాయిగా త్రేన్చింది.

వలసబాతు రెండడుగులు వెనక్కి వేసింది.

"అమ్మో! అది తింటే నేను తెల్లారేసరికి ఉండను. మీ అమ్మమ్మలు దాటిన కొండ ఇదే చెల్లీ!"