గంట కొట్టకండి

"కొత్తగా చేరావామ్మా?" అని అడిగాడు పెద్దాయన, మేకప్ కుర్చీలో వెనక్కి వాలి.

యాంకర్‌కి ఒళ్లు మండిపోయింది. ఆ ఛానల్లో ఎన్నికల చర్చలన్నీ నడిపేది ఆమే. ఆమె ముఖం తెలియని ఇల్లు లేదు. అయినా నవ్వి ఊరుకుంది. వెనక నిలబడ్డ అనుచరులు సార్ జోకు వేశారనుకుని పగలబడి నవ్వారు.

తను ఎవరి కూతురో ఆయన గుర్తుపట్టకపోవడమే ఆమెకు కావలసింది. చాలా ఏళ్ల కిందట ఇలాంటి చర్చలోనే ఈయనకు ఎదురుగా ఆమె తండ్రి నిలబడ్డాడు. బడిపంతులు. వయసు మీదపడ్డాక, ఎవరో ఎగదోస్తే ఎన్నికల్లోకి దిగాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ తను పోటీ చేస్తున్న చోటు పేరే మరిచిపోయాడు.

"ఈ ముసలాయన్ని ఎవరైనా ఇంటిదాకా దిగబెట్టండయ్యా, దారి కూడా మరిచిపోయుంటాడు" అన్నాడు పెద్దాయన, కెమెరా వైపు తిరిగి కన్నుకొట్టి. జనం పడీ పడీ నవ్వారు. తండ్రి ఆ తర్వాత గడప దాటలేదు. పోయేదాకా ఇంట్లో టీవీ పెట్టనివ్వలేదు.

ఇప్పుడు పెద్దాయనకే ఎనభై దగ్గరపడ్డాయి. పదవి మీద ఆశ మాత్రం చావలేదు. గెలిస్తే మళ్లీ ఆయనదే రాజ్యం. ఓడితే మూల కూర్చోవడమే. తన తండ్రిని నిలబెట్టినట్టే ఆయన్నీ నలుగురిలో నోరు పెగలకుండా నిలబెట్టాలని ఆమె కాచుకుని ఉంది.

పార్టీవాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? ప్రశ్నలన్నీ ముందే చూపించాలన్నారు. పేర్లు, పాత సంగతులు అడిగేవన్నీ కొట్టేయించారు. ఇక మిగిలినవి రోడ్లు, నీళ్లు, ఉద్యోగాలు. వాటికి ఆయన జవాబులు బట్టీపట్టేశాడు. పైగా క్లుప్తంగా మాట్లాడతాడని పేరు. జవాబుకి రెండు నిమిషాలు గడువు, ఆపైన గంట. ఆ రెండు నిమిషాలూ ఆయన పులే. ఇలాంటి చర్చ పెట్టినా ఒకటే, మానినా ఒకటే.

యాంకర్ పళ్లు నూరుకుంటూ బయటికొచ్చేసరికి పెద్దాయన భార్య వరండాలో ఎదురైంది.

"ఒక్క మాటమ్మా. ఆయన మాట్లాడుతుంటే గంట కొట్టకండి. ఈ వయసులో బడిపిల్లాడిలా గంటకి నోరు మూసుకోమంటే చిన్నతనంగా ఉండదూ?"

"నియమం కదండీ..."

"అవతలాయనకీ కొట్టకండి. ఆయనకీ డెబ్బై దాటాయిగా. ఇద్దరూ తీరుబడిగా మాట్లాడుకుంటారు. మావాళ్లతో చెప్పాను. అవును, మర్యాదగా ఉంటుందన్నారు."

యాంకర్ ప్రాణం లేచొచ్చింది. నాయకుల నోరు మూయించడానికే గంట ఉందని జనం అనుకుంటారు. ఎంతమంది పరువు ఆ గంట కాపాడిందో ఆమెకు తెలుసు. చెప్పడానికేమీ లేనివాడు కూడా, గంట మోగితే, ఇంకా చాలా చెప్పేవాడే పాపం అనిపించుకుంటాడు.

"పెద్దవారు, మీ మాట కాదనలేను" అంది బుద్ధిగా. ఆ వెర్రిబాగుల తల్లిని చూస్తే జాలేసింది కూడా. మొగుడి మెడకి తాడు తనే తెచ్చిచ్చింది.

చర్చ మొదలైంది. మొదటి ప్రశ్న రోడ్ల గురించి. పెద్దాయన గడగడా చెప్పాడు. చప్పట్లు మోగాయి. ఆయన ఆగి, అలవాటుగా గంట వైపు చూశాడు.

"చెప్పండి సార్" అంది యాంకర్, తీయగా.

ఆయన చెప్పాడు. రోడ్ల మీంచి కాంట్రాక్టర్ల మీదికి, అక్కణ్నుంచి తన పాత జీపు మీదికి వెళ్లాడు. జీపు డ్రైవరు బావమరిది పెళ్లి దగ్గర మాట దారి తప్పింది. ప్రత్యర్థి గడియారం చూసుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మర్యాదగా నోరు మూసుకున్నాడు.

"చెప్పండి సార్, వింటున్నాం."

"అసలు మొదట్లో టికెట్ నాకెక్కడిచ్చారు? మా ఆవిడకిచ్చారు. అందరూ ఆవిడే కావాలన్నారు. నామినేషన్ రోజు పొద్దున్నే దాన్ని గదిలో పెట్టి తాళం వేశా! జ్వరం, లేవలేకుండా ఉందని చెప్పి నేనే వెళ్లి వేసొచ్చా. తిరిగొచ్చేసరికి ఇంకా తలుపు బాదుతూనే ఉంది, పిచ్చిది!"

తొడ చరుచుకుని నవ్వాడు. స్టూడియోలో ఒక్కరూ నవ్వలేదు. ముందు వరసలో ఆడవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఆయన నవ్వు సగంలో ఆగింది. ఎక్కడున్నాడో ఏమన్నాడో తెలియనట్టు దిక్కులు చూశాడు.

"గంట... గంట కొట్టమ్మా" అన్నాడు.

యాంకర్ కొట్టలేదు. చేతులు కట్టుకుని, ఆ ముఖాన్ని కెమెరా తనివితీరా చూసేదాకా ఆగింది.

చర్చ ముగిసేసరికి ఆ ముక్క అందరి ఫోన్లలోనూ తిరుగుతోంది. అనుచరులు ఒక్కొక్కరే జారుకున్నారు. ఇక ఆయనకి ఓటేసేవాళ్లెవరూ లేరని గేటు దగ్గర కాపలావాడు కూడా తేల్చేశాడు. యాంకర్ పగ తీరింది. కడుపు చల్లబడింది. కానీ ముందు వరసలో చర్చంతా తలవంచుకు కూర్చున్న ఆ పెద్దావిడ గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. వెతుక్కుంటూ వెళితే వరండాలో బెంచీ మీద ఒంటరిగా కనిపించింది.

"నన్ను క్షమించండమ్మా" అంది యాంకర్, ఆమె చేతులు పట్టుకుని. "ఆయన మీద కోపంతో మిమ్మల్ని బజారుకీడ్చాను. మీరు ఆయన గౌరవం కోసం అడిగితే నేను..."

పెద్దావిడ తలెత్తింది. కళ్లలో తడి లేదు.

"ఇంటికెవరొచ్చినా, రెండు నిమిషాలు దాటితే చాలు, ఆయన ఈ కథే ఎత్తుకుంటారమ్మా, ఊరూవాడా ఒక్కసారి వినాలనే గంట వద్దన్నాను."