గీత బయట

గల్ఫ్‌లో, రుస్తాఖ్ సైట్ పక్కన ఇసుకలో కబడ్డీ ఫైనల్. 1993 సీజనంతా ఓడని కంపెనీ జట్టుకు గంగాధర్ కెప్టెన్. ఎదురుగా మస్కట్ జట్టు.

అవుటైన లింబాద్రి ఛాతీ రుద్దుకుంటూ వచ్చాడు. "రూమ్‌కు పోత అన్నా. పాణం మంచిగ లేదు."

"గీత బయటనే కూసో," కసిరాడు గంగాధర్. "సచ్చినోడు ఈడ లేకుంటే నేనెవర్ని బతికియ్యాలె?"

అవతలివాణ్ని ఒకణ్ని అవుట్ చేస్తే, ఇవతల చచ్చినవాడు బతికి ఆటలోకి వస్తాడు. లింబాద్రి ఎండలోనే కూర్చున్నాడు.

గంగాధర్ కూతకు వెళ్లి ఒకణ్ని తాకి వచ్చాడు. "బతికినవ్ లింబాద్రీ, లే!"

లింబాద్రి లేవలేదు. ఆస్పత్రికి తీసుకెళ్లినా లేవలేదు.

ఇంటికాడి ఊళ్లో ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేసి లింబాద్రి భార్యను పిలిపించారు. గంగాధర్ ఫోన్ అందుకున్నాడు. ఆట మాట తప్ప వేరే మాట నోటికి రాలేదు.

"చెల్లె... లింబాద్రి సచ్చిండు."

ఆమె నవ్వింది. ఫోన్ చేసినప్పుడల్లా మొగుడు చెప్పేవి ఆట ముచ్చట్లే.

"గట్లనా! మరి నువ్వు బతికియ్యలేదా, అన్నా?"